బెండుతో చేసిన ఊపిరితిత్తి

తపతి భౌమిక్ తండ్రి తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కాట్వా బజారులో ఆయన నడిచి వస్తుంటే చేపల వాళ్ళు తక్కెడ పళ్ళేలు తుడుచుకునేవాళ్ళు. ఆయన చేతిలో ఒక చెక్కపెట్టె ఉండేది. లోపల ఎర్రగుడ్డ మీద వరసగా ఇత్తడి తూకపు రాళ్ళు. పక్కపక్క కొట్లవాళ్ళు నా తక్కెడే సరైనదంటే నాదే సరైనదని తగవుపడితే, ఆయన ఒక తక్కెడను రెండో దానితో పోల్చి చూసేవాడు కాదు. పెట్టె తెరిచేవాడు.

తపతికి ఇప్పుడు నలభై మూడేళ్ళు. బర్ధమాన్‌లో ఒక ట్రస్టు నడిపే కేన్సర్ ఆసుపత్రిలో ఫిజిసిస్టు. డాక్టరు కాదు. గడ్డకు ఎంత రేడియేషన్ పడాలో డాక్టరు రాస్తాడు. ఏ వైపు నుంచి, ఎంత వెడల్పున, ఎంతసేపు కిరణం వదిలితే అంత పడుతుందో ఆమె లెక్క వేసి కింద సంతకం పెడుతుంది. పన్నెండేళ్ళుగా అదే పని. రోగుల ముఖాల కన్నా వాళ్ళ స్కానులే ఆమెకు ఎక్కువ గుర్తుంటాయి.

ఆ ఏడు దుర్గాపూజకు ముందు ఆసుపత్రికి కొత్త లెక్క వచ్చింది. కంప్యూటరు అదే, లోపల లెక్కించే పద్ధతి వేరు.

పాత లెక్క ఒంటిని నీళ్ళుగా చూస్తుంది. ఊపిరితిత్తి అడ్డం వస్తే పలచబడిన నీళ్ళు అనుకుంటుంది. కిరణం తిన్నగా పోతుందనీ, పోతూ పోతూ అది విదిల్చిన కణాలు ఆ దగ్గరలోనే పడతాయనీ దాని నమ్మకం. కండలో అది నిజమే. ఊపిరితిత్తిలో ఉన్నది చాలావరకు గాలి. అక్కడ విదిల్చినవి పక్కలకు దూరంగా ఎగిరిపోతాయి. గడ్డ అంచుకు రావలసింది అంచుకు రాదు. కొత్త లెక్క ఆ పక్కదారుల వెంట కూడా వెళ్తుంది. అందుకే పాతది అర నిమిషంలో ముగించే పనికి కొత్తది పదకొండు నిమిషాలు తీసుకుంటుంది.

కొత్తదానికి మారేముందు తపతి ఒక పని పెట్టుకుంది. ఊపిరితిత్తి కేన్సరుకు తాను పాత లెక్కతో వేసిన ముప్పై ఒక్క ప్లానులను, కిరణం ఏమీ మార్చకుండా, కొత్త లెక్కతో మళ్ళీ వేయించి చూడడం. తొమ్మిది అయ్యాయి. తేడా మూడు శాతం, నాలుగు. ఒక దాంట్లో అయిదు. అవన్నీ ఓ కాగితం మీద పెన్సిలుతో రాసుకుంది.

పదోదిగా వేయించింది ఆ ముప్పై ఒకటిలోది కాదు, పాత రోగిదీ కాదు. వచ్చే సోమవారం మొదలుకావలసిన మనిషిది. పేరు గోష్ఠబిహారీ మాలాకార్. అరవై ఆరేళ్ళు. జీలుగుబెండు పనివాడు. పెళ్ళికొడుకుల కిరీటాలు, దేవతల నగలు చేస్తాడు. గడ్డ కుడి ఊపిరితిత్తి మధ్యలో, నిమ్మకాయంత. డాక్టరు రాసింది అరవై గ్రేల రేడియేషన్, ముప్పై రోజుల్లో.

పాత లెక్క ప్రకారం గడ్డ అంచంతా అరవై. కొత్త లెక్క ప్రకారం బయటి అంచు యాభై రెండు.

తపతి మళ్ళీ వేయించింది. పదకొండు నిమిషాలు కూర్చుంది. యాభై రెండే.

ఎందుకో స్కానులోనే ఉంది. బరువును నీటితో పోలిస్తే మామూలు ఊపిరితిత్తి నూటికి ఇరవై అయిదు, ముప్పై ఉంటుంది. గోష్ఠబిహారీది పదకొండు. నలభై ఏళ్ళ బీడీలు లోపలి గోడలన్నీ తినేసి గాలి మిగిల్చాయి.

ఆ మధ్యాహ్నమే ఆమె డాక్టర్ నిరుపమ్ సాన్యాల్ గదికి వెళ్ళి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టింది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఆ ఆసుపత్రిలో రేడియేషన్ విభాగం చూస్తున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివాడు.

"కొత్తది తప్పేమో."

"కావచ్చు సార్. పాతదీ కావచ్చు."

"అరవై అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది తపతీ? ఇన్నేళ్ళూ పాత లెక్కలతో వైద్యం చేసిన వాళ్ళ నుంచే కదా. వాళ్ళ అంచులకూ యాభై రెండే పడిందేమో, ఎవరికి తెలుసు? అయినా కొందరు బతికారు. ఇప్పుడు నువ్వు నిజంగా అరవై వేస్తానంటావు. పక్కనున్న మంచి ఊపిరితిత్తి ఏం కావాలి? ఆయనకు మిగిలిందే చారెడు."

ఆ మాటలో న్యాయం ఉంది.

"ఇంతకూ కొత్తది సరైనదని నీకెలా తెలుసు? కొత్తది కాబట్టా?"

"కంప్యూటరులో పెట్టినప్పుడు కార్కు పలకల్లో కొలిచాం."

"కార్కులో పాతదీ కొత్తదీ దాదాపు ఒకటే చెప్పాయని నువ్వే రాశావు."

"కార్కు మామూలు ఊపిరితిత్తిలా ఉంటుంది సార్. ఈయనది కార్కు కాదు."

"మరేమిటి?"

డాక్టరు కళ్ళజోడు కిందికి దించాడు.

"సోమవారం బదులు బుధవారం. రెండు రోజులకు గడ్డ ఏం పెరగదు. పది రోజులంటే ఒప్పుకోను. బుధవారానికి నా బల్ల మీద లెక్క కాదు, కొలిచింది ఉండాలి. లేదంటే పాత ప్లానుతోనే మొదలుపెడతాం."

ఆమె తన గదికి వచ్చి కూర్చుంది. ఒక తక్కెడ అరవై అంటోంది, ఇంకోటి యాభై రెండు అంటోంది. పెట్టెలో రాయి లేదు.

రేడియేషన్ యంత్రం నడిపే మక్బూల్ సంగతి విని తలుపు దగ్గరే నిలబడ్డాడు. అతనికి ప్రతిదానికీ ఒక ఉపాయం ఉంటుంది.

"దిదీ, మరమరాలు."

"ఆకలేస్తే వెళ్ళి తిను."

"తినడానిక్కాదు. బరువు చూడండి. బస్తాడు మరమరాలు ఒంటి చేత్తో ఎత్తుతారు. పెట్టెలో పోసి మధ్యలో మైనం గడ్డ పెడదాం. తేలితే తేలింది, లేకపోతే ఆవనూనె, పచ్చిమిర్చి కలుపుకుందాం."

ఆమె నవ్వలేదు. రెండు కిలోల మరమరాలు తెప్పించింది. తూచి, పోసి, స్కాను తీశారు. బరువు దగ్గరదగ్గరగా సరిపోయింది. కానీ పెట్టెను కదిలించినప్పుడల్లా మరమరాలు కిందికి సర్దుకున్నాయి. పైన గుల్ల, కింద గట్టి. రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వస్తుంది. సాయంత్రం మక్బూల్ ఉల్లిపాయ తరిగాడు. పై అంతస్తు నర్సులు కూడా వచ్చి తిన్నారు.

తింటూ ఉండగా ఆమె చూపు కంప్యూటరు మీద ఆగింది. అక్కడ బెండుతో చేసిన తెల్లటి పావురం ఉంది. స్కాను రోజున గోష్ఠబిహారీ ఇచ్చాడు. చేతిలోకి తీసుకుంటే ఏమీ తీసుకోనట్టే ఉంది.

మర్నాడు కిరణం కోసం ఒంటి మీద పెట్టిన గుర్తులు మళ్ళీ దిద్దించుకోవడానికి గోష్ఠబిహారీ భార్య పుతుల్‌తో కలిసి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. తపతి అతనిని తన గదిలో కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు లెక్కలు ఉన్నాయని, రెండూ ఒకటి చెప్పడం లేదని, ఏది నిజమో ఆయన ఊపిరితిత్తి లాంటి దాంట్లో కొలిచి చూస్తే గాని తెలియదని.

కంప్యూటరు మీది బెండు పావురాన్ని తీసి అతని ముందు పెట్టింది.

"అంటే నా ఊపిరితిత్తిని నేనే చెయ్యాలా, దిదిమణీ?"

"చేయగలరా, కాకా?"

పుతుల్ అందుకుంది. "నలభై ఏళ్ళు బీడీ మీద బీడీ ముట్టించి ఒకటి చేసుకున్నాడుగా. అది చాలలేదా?"

"నువ్వూరుకో."

"నేనూరుకుంటే నీ తరఫున ఎవరు మాట్లాడతారు? నీకు ఊపిరెక్కడుంది?"

గోష్ఠబిహారీ ఆమె వైపు చూడకుండా తపతిని అడిగాడు. "ఎంత ఉండాలి?"

"ముప్పై సెంటీమీటర్ల పొడుగు, ముప్పై వెడల్పు, రెండు మందం. ఆరు పలకలు. ఒక్కోటి నూట తొంభై ఎనిమిది గ్రాములు."

"నూట తొంభై ఎనిమిదా? రెండు వందలు కాదా?"

"నూట తొంభై ఎనిమిది."

అతను పావురాన్ని తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. "బెండు ఇంత బరువుండదు. మీరు చెప్పిన కొలతకు నూరు గ్రాములు వస్తే గొప్ప. చెక్కి కాగితంలా పొర తియ్యాలి. పొర మీద పొర చింతగింజల జిగురు పెట్టి అంటించాలి. పైన రాయి ఎత్తాలి. ఎంత నొక్కితే అంత బరువు." ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "అగ్రహాయణ మాసం పెళ్ళిళ్ళకని తెచ్చిన బెండు ఇంట్లో మూలుగుతోంది. ఈసారి కిరీటాలు నావల్ల కావు."

"సోమవారం పొద్దున్నకి కావాలి."

"ఎవరి పెళ్ళి, ఇంత తొందర?" అన్నాడు. పుతుల్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తపతికి తెలియలేదు.

వాళ్ళు ఎలా చేశారో తరవాత పుతుల్ చెప్పింది. అతను కూర్చుని పొర తీశాడు. కత్తికి బెండును ఆనించి తిప్పుతుంటే చుట్ట విప్పినట్టు పొర ఊడివస్తుంది. దానికి ఊపిరి అక్కరలేదు, చెయ్యి చాలు. అంటించడం, రాయి ఎత్తడం ఆమె పని. కిరాణా కొట్టు నుంచి ఎలక్ట్రానిక్ కాటా అడిగి తెచ్చుకున్నారు. మొదటి పలక నూట అరవై. విప్పి మళ్ళీ చేశారు. రెండోది రెండు వందల పది. అదీ విప్పారు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి బస్సు దిగి పాతచీరలో చుట్టిన మూట తెచ్చారు. తపతి మూట విప్పింది. మక్బూల్ ముందుకు వంగాడు.

ఆరు పలకల అంచులకూ వెండి రంగు తళుకు కాగితం అంటించి ఉంది. మీది పలక నడుమ ఎనిమిది రేకుల తామర.

"కాకా, ఇదేమిటి?"

"ఏది?"

"ఈ తళుకు."

"అంచు కట్టకుండా ఎలా ఇస్తాను?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "మా నాన్న, మా తాత, ఎవరూ బోసి బెండు గడప దాటించలేదు. ఆసుపత్రికి ఇచ్చేది కదా అని పువ్వు ఒక్కటే పెట్టాను."

"చెప్పాను," అంది పుతుల్. "వాళ్ళకు ఊపిరితిత్తి కావాలి, పెళ్ళిపీట కాదని చెప్పాను. విన్నాడా? రాత్రి కూర్చుని రేకులు కోశాడు."

స్కానులో తళుకు కాగితం తెల్లటి గీతల్లా మెరిసింది. అది లోహం. కణాలను అదీ విదిలిస్తుంది. ఊపిరితిత్తిలో లోహం ఉండదు. తియ్యక తప్పదు.

గోష్ఠబిహారీ కారిడార్‌లో బల్ల మీద కూర్చుని సంచిలోంచి కత్తి తీశాడు. సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. ఆసుపత్రిలో కత్తులేమిటన్నాడు. మక్బూల్ అతని భుజం మీద చెయ్యి వేసి, "లోపల గడ్డ మీద కోస్తే మీరేమీ అనరు, బయట బెండు మీద కోస్తే వచ్చారా?" అన్నాడు. గార్డు నిలబడి చూశాడు. కత్తి కొన తళుకు కిందికి దూరి, బెండు నలగకుండా, ఒక్క పట్టీగా లేచి వచ్చింది. పావుగంటలో ఆరూ బోసిపోయాయి. తామరను మాత్రం గోష్ఠబిహారీ రేకు చెడకుండా ఎత్తి గార్డు చేతిలో పెట్టాడు.

తపతి పలకలను తన కాటా మీద తూచింది. నూట తొంభై ఎనిమిది. తొంభై ఏడు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. తొంభై ఎనిమిది. తొంభై ఎనిమిది. రాసుకుంది. రాస్తున్నప్పుడు తండ్రి పెట్టెలోని ఎర్రగుడ్డ గుర్తొచ్చింది.

మధ్య రెండు పలకల్లో నిమ్మకాయంత గుంట తొలిపించింది. మైనం గడ్డను రెండు చెక్కలుగా కోసి, నడుమ లేతపసుపు ఫిల్మ్ పెట్టి గుంటలో ఉంచింది. కిరణం తగిలినంత మేరా ఆ ఫిల్మ్ ముదురుతుంది. ఎక్కువ తగిలితే ఎక్కువ ముదురుతుంది. లెక్కల పద్ధతులేవీ దానికి తెలియవు. మధ్యాహ్నం రోగులందరి వంతూ అయ్యాక గోష్ఠబిహారీ ప్లానులో ఉన్న కిరణాన్నే ఆ పలకల మీద వదిలారు. మూడుసార్లు, మూడు ఫిల్ములు.

ఫిల్ము రంగు కుదురుకోవడానికి ఒక రోజు పడుతుంది. ముందే చూస్తే తప్పు చెప్తుంది. తపతి మూడింటినీ నల్ల కవరులో పెట్టి సొరుగులో వేసి తాళం వేసింది. ఇంటికి వెళ్ళి చేపల పులుసు వండింది. ఉప్పు వేసిందో లేదో గుర్తులేక రెండోసారి వేసింది.

మంగళవారం మధ్యాహ్నం చదివింది. కిరణం నూరు పడాలనుకున్న అంచు మీద పాత లెక్క నూరు అంది. కొత్త లెక్క ఎనభై ఏడు అంది. ఫిల్ములు ఎనభై ఆరు, ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు.

ఆమె ఆ అంకెలను చాలాసేపు చూసింది. సంతోషం కలగలేదు. పన్నెండేళ్ళ సంతకాలు ఎదురుగా అరలో ఉన్నాయి.

తరవాత లేచి పని మొదలుపెట్టింది. యంత్రంలో రెండు కిరణాలు ఉన్నాయి. ఒకదాన్ని పదిహేను అంటారు, రెండోదాన్ని ఆరు. పదిహేను బలమైనది. అది విదిల్చే కణాలు ఇంకా దూరం ఎగురుతాయి. పాత లెక్కకు అది కనబడదు కాబట్టి ఇన్నేళ్ళూ ప్లానులు పదిహేనుతో నున్నగా కనిపించాయి. గోష్ఠబిహారీది కూడా పదిహేనుతోనే వేసింది. ఇప్పుడు ఆరుతో వేసింది. అంచు యాభై ఆరుకు వచ్చింది. కిరణాన్ని చుట్టూ మూడు మిల్లీమీటర్లు వెడల్పు చేసింది. యాభై ఎనిమిది. మంచి ఊపిరితిత్తిలో హద్దు మించి కిరణం తినే భాగం నూటికి ఇరవై తొమ్మిది నుంచి ముప్పై రెండుకు పెరిగింది. ముప్పై అయిదు దాటకూడదు.

బుధవారం పొద్దున్నే ఫిల్ములు, ప్లాను తీసుకుని డాక్టరు గదికి వెళ్ళింది. సాన్యాల్ ఫిల్ములను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. చూసినంత మాత్రాన ఏమీ తెలియదని ఆయనకు తెలుసు. అయినా చూశాడు.

"బెండా?"

"బెండు సార్."

"రోగి చేశాడా?"

"ఆయనా, ఆయన భార్యా."

"అరవై ఎందుకు తేలేదు? యాభై ఎనిమిది దగ్గర ఆగావు."

"అరవై తెస్తే ఊపిరితిత్తి ముప్పై ఏడుకు పోతోంది. మీరే అన్నారు, చారెడే మిగిలిందని."

ఆయన పెన్ను తీశాడు. సంతకం పెట్టి కాగితాన్ని ఇటు తిప్పలేదు. దాని మీదే చెయ్యి ఉంచాడు.

"ఆ ముప్పై ఒకటీ?"

"ఇరవై రెండు మిగిలాయి. ఈ వారం పూర్తి చేస్తాను."

"చేసి జాబితా తీసుకురా. నాకు కాదు, మనకు. వాటి మీద ఉన్నది నీ ఒక్కదాని సంతకమే కాదు."

ఆ రోజు పదకొండింటికి గోష్ఠబిహారీని బల్ల మీద పడుకోబెట్టారు. మక్బూల్ గుర్తులు కలిపి తలుపు మూశాడు. మామూలుగా తపతి అప్పుడు తన గదిలో ఉంటుంది. ఆ రోజు మక్బూల్ పక్కన నిలబడి తెర మీద అతని ఛాతీ లేవడం, పడడం చూసింది. బయట పుతుల్ ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ముప్పై రోజులూ అలాగే వచ్చారు. పద్దెనిమిదో రోజున మాత్రం అతనికి మింగడం కష్టమై రాలేదు.

జాబితా పూర్తయింది. ముప్పై ఒకరిలో ఇరవై ఏడుగురికి తేడా అయిదు శాతం మించలేదు. నలుగురికి పది పైన. నలుగురివీ గుల్లబారిన ఊపిరితిత్తులే, నలుగురికీ పదిహేను కిరణమే. ఆసుపత్రి నుంచి ఆ నలుగురి ఇళ్ళకు ఫోను చేశారు. ఇద్దరు అప్పటికే పోయారు. అంచు వల్ల పోయారో, మరోదాని వల్లో ఏ ఫిల్మూ చెప్పదు. ఒకామె కూతురితో వచ్చి స్కాను తీయించుకుని, ఏమీ లేదంటే ఇంటికి వెళ్ళింది. నాలుగో అతని నంబరు పనిచేయలేదు. తపతి ఆ నలుగురి పేర్లనూ కొట్టెయ్యకుండా కాగితాన్ని తన సొరుగులోనే ఉంచుకుంది. పాత లెక్కను ఊపిరితిత్తులకు వాడడం మానేశారు.

పలకలు ఫిజిక్స్ గదిలో కార్కు పలకల పక్కన ఉండిపోయాయి. మూడు నెలలకొకసారి వాటిలో యంత్రాన్ని, లెక్కను సరిచూస్తారు. పలక మీద మక్బూల్ స్కెచ్ పెన్నుతో 'గోష్ఠ, కుడి' అని రాశాడు.

మరుసటి ఏడు శ్రావణంలో తపతి వాటిని తూచింది. రెండు వందల పద్నాలుగు. ఇంకోటి రెండు వందల పదహారు. వానాకాలం అంతా గాలిలో చెమ్మ తాగాయి. ఆ బరువుతో కొలిస్తే కొలత తప్పు.

ఫోను చేసింది. చాలాసేపు మోగింది. పుతుల్ ఎత్తుతుందనుకుంది. అతనే ఎత్తాడు.

"కాకా, బెండు బరువెక్కింది. ఎండలో పెట్టమంటారా?"

"వద్దొద్దు." ఆగాడు. ఊపిరి వినిపించింది. "ఎండలో పెడితే వంకరపోతుంది. నీడలో. గాలి తగిలే చోట. కింద ఈనెలు పెట్టి, వాటి మీద." మళ్ళీ ఆగాడు. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగెయ్యాలి. బద్ధకిస్తే పనికిరాదు."

వెనక నుంచి పుతుల్ గొంతు. "బద్ధకం గురించి ఎవరు చెప్తున్నారో చూడు."

"ఎంత దాకా దిగాలన్నారు?" అని అడిగాడతను.

"నూట తొంభై ఎనిమిది."

"దిగుతుంది. తొందరపడకండి."

మేడ మీద వరండాలో, నర్సుల తువ్వాళ్ళు ఆరేసే చోట, తపతి కొబ్బరి ఈనెలు పరిచి పలకలు పెట్టింది. మొదటి రోజు రెండు వందల ఎనిమిది. రెండో రోజు రెండు వందల మూడు. మూడో రోజు నూట తొంభై తొమ్మిది. తూచి, రాసుకుని, మళ్ళీ తిరగేసింది.